గాట్ల కర్ర

ఆ వసంతంలో మా సరస్సు ఎంత పెరిగిందో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. రోజూ పొద్దున్నే వెళ్లి కొలిచింది నేనే అయినా సరే.

మంచు కరగడం మొదలైన వారం రోజులకు నాన్న ఒక పోప్లార్ కొమ్మ నరికి, బెరడు తీసి, కత్తితో ఇరవై గాట్లు పెట్టాడు. గాటుకూ గాటుకూ నాలుగు వేళ్ల ఎడం. అమ్మ ఉన్ని ఉతికే రాళ్లకు అవతల, మోకాలి లోతు నీళ్లలో దాన్ని పాతాడు. మా సరస్సు అడుగు మెత్తటి తెల్లబురద. కర్ర పిండిముద్దలో వేలు దిగినట్టు దిగింది.

"పొద్దున్నే వెళ్లి, నీళ్ల పైన ఎన్ని గాట్లు కనిపిస్తున్నాయో చూసొచ్చి చెప్పు సోసిన్," అన్నాడు నాన్న. "ఎనిమిది మిగిలితే నీళ్లు తోట అంచుకి వచ్చినట్టు. మూడు మిగిలితే మన గుమ్మానికి వచ్చినట్టు."

"నువ్వే చూసుకోవచ్చుగా నాన్నా?"

"నేను చూస్తే నాకు కావలసినట్టు కనబడుతుంది. నీకు పదిహేడేళ్లు, కళ్లు బాగున్నాయి. చూడు, చెప్పు. అంతే."

మొదటి రోజు పద్నాలుగు గాట్లు.

అంతకు ముందు మూడేళ్లుగా ఇదే వరస. ప్రతి వసంతంలోనూ నీళ్లు పెరిగేవి, ఎండాకాలానికి మళ్లీ తగ్గాలి కదా, తగ్గేవి కావు. మొదటి ఏడు ఒడ్డున ఉన్న పోప్లార్ వరస పోయింది. రెండో ఏడు మా అక్రోటు చెట్టు. మంచినీళ్లు తగిలితే చెట్టు బలుస్తుంది గానీ మా సరస్సువి సోడా ఉప్పు నీళ్లు. వేలికి జారుడుగా తగులుతాయి. కంట్లో పడితే మండుతుంది. సబ్బు లేకుండానే బట్టలు తెల్లగా వస్తాయి. ఆ నీళ్లు వేరుకి తగిలిన చెట్టు ఆకులు అంచుల్లో తెల్లబడి, వారం తిరగకుండా కాగితంలా గలగలలాడతాయి. ఆ నీళ్లలో బతికే చేప ఒక్కటే, దారెఖ్. అది కూడా గుడ్లు పెట్టడానికి వాగులోని తీపి నీళ్లు వెతుక్కుంటూ ఎదురీదుకుంటూ వెళ్లాల్సిందే.

నీళ్లెందుకు పెరుగుతున్నాయో ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. బడి పంతులు మంచు ఎక్కువ పడిందన్నాడు. వాన్ పట్నం నుంచి మూడుకాళ్ల పరికరం వేసుకుని వచ్చిన ఇంజనీరు, నేలే కిందికి కుంగుతోందన్నాడు. మర్నాడు ఆయనతో వచ్చిన ఇంకో ఇంజనీరు అదేం కాదన్నాడు. మా పక్కింటి హెసో అయితే సరస్సు అడుగున ఎప్పుడో ఉన్న చిల్లు ఒకటి పూడుకుపోయిందని ఒట్టేసి చెప్పేవాడు.

"చిల్లు నువ్వు చూశావా?" అని అడిగింది నాయనమ్మ.

"చూడకపోతే ఏం అమ్మా, వచ్చే వాగులు ఇన్ని ఉన్నాయి, పోయే వాగు ఒక్కటైనా ఉందా? ఇన్నేళ్లూ ఈ నీళ్లన్నీ ఎక్కడికి పోయాయంటావ్?"

నాయనమ్మకు కళ్లు దాదాపు కనిపించవు. కిటికీ పక్కన పరుపు మీద కూర్చుని సరస్సు చప్పుడు వింటూ ఉండేది. "ఎక్కడికి పోయాయో నాకెందుకు, ఎక్కడికొస్తున్నాయో వినబడుతోంది," అనేది. "మొన్నటిదాకా దూరంగా గొణిగేది. ఇప్పుడు చెవిలో చెబుతోంది."

అమ్మకు ఏ కారణమూ అక్కర్లేదు. అమ్మ తమ్ముడు మెర్సిన్ పట్నంలో ఇటుకబట్టీ దగ్గర మేస్త్రీ. వచ్చేయండి, రెండు గదులు చూసి పెడతాను, బావకు పని ఇప్పిస్తాను అని మూడుసార్లు కబురు చేశాడు.

"ఏమయ్యా, వింటున్నావా? గోడ అడుగున మూడు వరసల ఇటుక చెమ్మగిల్లింది. మట్టి గోడ అది. అది కూలేరోజు మనం లోపలుంటామో బయటుంటామో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పుడు?"

"సోసిన్ చెబుతుందిలే," అని నాన్న పార తీసుకుని బయటికి వెళ్లేవాడు. తోట చుట్టూ, సరస్సు వైపూ వాగు వైపూ కూడా, రాళ్లతో బంకమట్టితో కట్ట వేస్తున్నాడు. ముప్ఫై నాలుగు ఆపిల్ చెట్లు. అన్నీ ఆయన చేత్తో అంటు కట్టినవే.

ఇదంతా నా లెక్క మీద ఆధారపడి ఉందనుకుని నేను చాలా జాగ్రత్తగా చూసేదాన్ని. పద్నాలుగు, పదమూడున్నర, పదమూడు. అంతవరకు బాగానే ఉంది. ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున పదకొండు కనిపించాయి. ఒక్క రోజులో రెండు గాట్లా అనుకుని, పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాను. నాన్న "ఊఁ" అన్నాడు. మర్నాడు పొద్దున పన్నెండున్నర. ఆ తర్వాతి రోజు పదకొండు. మళ్లీ పన్నెండు.

"సరస్సు తాగి వచ్చిందా ఏంటి, అటూ ఇటూ ఊగుతోంది?" అన్నాడు హెసో.

నా కళ్లే చెడ్డాయేమో అనుకున్నాను. మోకాళ్ల దాకా దిగి, ఒక్కో గాటునూ వేలితో తడిమి లెక్కపెట్టేదాన్ని. వేళ్లు జారుడుగా, చలికి మొద్దుబారిపోయేవి. లెక్క మాత్రం తప్పేది కాదు. తప్పుతున్నది సరస్సే.

ఒక మధ్యాహ్నం అమ్మకు రొట్టెలు ఇచ్చి రమ్మని నాయనమ్మ పంపింది. అమ్మ ఉన్ని ఉతుకుతోంది. నేను వెనక నుంచి వెళ్లేసరికి అమ్మ రాళ్ల మీద లేదు. నీళ్లలో ఉంది. రెండు చేతులా ఉతుకుడు కర్ర ఎత్తి, గాట్ల కర్ర నెత్తిన మోదుతోంది. ఒకటి. రెండు. కర్ర ఒక గాటు మేర దిగింది.

"అమ్మా!"

అమ్మ తిరిగి చూసింది. సిగ్గుపడలేదు. లంగా అంచు పిండుకుంటూ ఒడ్డుకొచ్చింది.

"చూశావుగా. చూసినదానివి నోరు మూసుకో."

"నాన్నకి అబద్ధం చెప్పమంటావా?"

"నిన్నెవరు అబద్ధం చెప్పమన్నారు? ఎన్ని గాట్లు కనిపిస్తే అన్నే చెప్పు. నిజమే చెబుతావుగా." రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. "మీ నాన్న మొండివాడు. ఎనిమిది అని వినేదాకా కదలడు. నిజంగా ఎనిమిది వచ్చేసరికి గోడ మన మీద ఉంటుంది. మీ నాయనమ్మని ఎత్తుకుని పరుగెత్తే టైం ఉంటుందా? అందుకే ఎనిమిదిని కాస్త ముందుకు జరుపుతున్నా. అంతే."

అమ్మ చెబుతుంటే అంతా సబబుగానే ఉంది. ఇంటికి నడుస్తుంటే మాత్రం ఏదీ సబబుగా లేదు. అయితే మధ్యలో పన్నెండున్నర ఎలా వచ్చింది? అమ్మ కర్రని దించుతోంది. దించితే గాట్లు తగ్గాలి. పెరగడమేమిటి?

మర్నాడు తెల్లవారుతుండగా, ఎప్పటికంటే ముందు వెళ్లి రాళ్ల వెనక నక్కి కూర్చున్నాను. సిపాన్ కొండ మీద మంచు అప్పుడే గులాబీ రంగుకి తిరుగుతోంది. వాగు గట్టు మీద దగ్గు వినిపించింది. ఆ దగ్గు నాకు తెలుసు. మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా పెదనాన్న షెమ్దీన్ ఇల్లు వాగు వెంట పైకి, రాళ్ల మెరక మీద ఉండేది. పొలాలు పంచుకున్నప్పుడు అన్నదమ్ములు చీట్లు వేసుకున్నారు. తోట నాన్నకొచ్చింది. మెరక పెదనాన్నకొచ్చింది. "చీటీ మడత నీకు ముందే తెలుసు," అని పెదనాన్న ఒక మాటన్నాడు. ఆ మాట తర్వాత తొమ్మిదేళ్లు ఇద్దరి మధ్యా ఇంకో మాట లేదు. నాయనమ్మ మా ఇంట్లో ఉండిపోయింది. పెద్దమ్మ ఆమెను చూడటానికి వచ్చేది. పెదనాన్న మాత్రం గుమ్మం తొక్కలేదు. శుక్రవారం శుక్రవారం వాగు గట్టున నిలబడి గట్టిగా దగ్గి వెళ్లిపోయేవాడు. నాయనమ్మ అటు చెవి పెట్టి, "నా పెద్దోడు బతికే ఉన్నాడు," అనేది.

ఆ పెదనాన్న పంట్లాం మోకాళ్ల పైకి మడిచి నీళ్లలో దిగాడు. గాట్ల కర్రని రెండు చేతులా పట్టుకుని, అటూ ఇటూ కదిలించి, పైకి లాగాడు. కళ్లు చికిలించి చూశాడు. ఇంకొంచెం లాగాడు.

"పెదనాన్నా!"

ఆయన కర్ర పట్టుకుని నిలదొక్కుకోకపోతే నీళ్లలో కూలబడేవాడే. "నువ్వా! నా ప్రాణం పోయేది కదే."

"ఏం చేస్తున్నారు?"

"కర్ర ఒరిగిందమ్మా. సరిచేస్తున్నా."

"రోజూ ఒరుగుతోందా?"

ఆయన కర్ర నెత్తిన నలిగిన చోట వేలు పెట్టాడు. "దీన్ని ఎవరో దించుతున్నారు," అన్నాడు.

"మా అమ్మ."

"అనుకున్నా. ఆ దెబ్బలు మగాడి దెబ్బల్లా లేవు, అంతకంటే గట్టిగా ఉన్నాయి." నవ్వబోయి ఆగాడు. "చూడు తల్లీ. మీ నాన్న తెమో భయపడితే ఏం చేస్తాడు? మెర్సిన్ పోతాడు. పోతూ పోతూ మా అమ్మని తీసుకుపోతాడు. ఆ ఎండల్లో ఆ ముసల్ది ఎన్నాళ్లుంటుంది? నేను శుక్రవారం ఎవరి కోసం దగ్గాలి?"

"అయితే వచ్చి ఉండిపొమ్మని చెప్పొచ్చుగా. మీ మెరక మీద చోటుందిగా."

"చెప్పొచ్చు." తడిచేతులు చొక్కాకి తుడుచుకున్నాడు. "తొమ్మిదేళ్ల తర్వాత మొదట ఏ మాట అనాలో నువ్వు చెప్పు. ఇప్పుడే వెళ్లి అంటాను."

ఆయన ఒక నిమిషం నిజంగానే నా జవాబు కోసం నిలబడ్డాడు. తర్వాత వాగు వెంట పైకి వెళ్లిపోయాడు.

కర్ర మీద పదమూడు గాట్లు కనిపిస్తున్నాయి. నేను ఇంటికెళ్లి, "పన్నెండు నాన్నా," అన్నాను. ఎందుకు పన్నెండన్నానో తెలియదు. అమ్మకూ పెదనాన్నకూ మధ్యన ఎక్కడో ఉంటుందనిపించింది.

ఆ రోజు నుంచి నేనూ మూడోదాన్నయ్యాను. మధ్యాహ్నం అమ్మ దించేది. తెల్లవారి పెదనాన్న లేపేవాడు. నేను వెళ్లి చూసి, ఆలోచించి, నోటికొచ్చిన అంకె చెప్పేదాన్ని. కొన్ని రోజులు మెర్సిన్ వెళ్లాలనిపించేది. అక్కడ సముద్రం ఉందట, నిమ్మతోటలు ఉన్నాయట. ఆ రోజుల్లో నా అంకె తగ్గేది. కొన్ని రోజులు ఆపిల్ పూత చూస్తే వదిలి వెళ్లాలనిపించేది కాదు, అప్పుడు అంకె పెరిగేది. రాత్రి పడుకుంటే అసలు నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకోవాలని ఉండేది. మర్నాడు ఆ కర్రని చూస్తే తెలుసుకునే దారే లేదు.

ఒక్కటి మాత్రం గమనించాను. నేను పదకొండన్నా, పదమూడన్నా, నాన్న "ఊఁ" అని పార తీసుకుని ఒకే వేగంతో వెళ్లేవాడు. ఒకే ఎత్తున కట్ట వేసేవాడు. ఎక్కువ చెప్పిన రోజున విశ్రాంతి తీసుకోలేదు. తక్కువ చెప్పిన రోజున తొందరపడలేదు.

మే నెల సగంలో చేపలు వచ్చాయి. వాగు సరస్సులో కలిసేచోట నీళ్లు నల్లబడ్డాయి. ఆకాశంలో కొంగల కంటే పెద్ద తెల్లపిట్టలు అరుపులతో తిరగడం మొదలుపెట్టాయి. నీళ్లు పెరగడం వల్ల వాగు నోరు ఆ ఏడు మా తోట మూలకే వచ్చేసింది. కట్ట మీద కూర్చుంటే కాళ్ల కింద కనిపించేవి. జానెడు జానెడు చేపలు, వేలకు వేలు, అన్నీ వాగు వైపే తలలు పెట్టి నిలబడి ఉండేవి. వెంటనే ఎక్కవు. కొన్నాళ్లు ఉప్పునీళ్లూ తీపి నీళ్లూ కలిసేచోట ఉండి, ఒంటికి అలవాటు చేసుకుని, అప్పుడు ఒక్కసారిగా పైకి దూకుతాయి. రాళ్ల మెట్లున్న చోట గాలిలోకి ఎగిరి, కొట్టుకుని, కిందపడి, మళ్లీ ఎగురుతాయి. ఆ మూడు నెలలు వాటిని పట్టకూడదని కట్టడి. హెసోలాంటివాళ్లు పట్టేవారు, అది వేరే సంగతి.

అప్పటికి సరస్సు తోట నేల కంటే రెండు జానల ఎత్తున ఉంది. ఇది కర్ర చెప్పింది కాదు. కట్టకి అటూ ఇటూ చూస్తే కంటికే కనిపించేది. కట్ట ఒక్కటే ఆపుతోంది.

జూన్ మొదటి వారంలో ఒక మధ్యాహ్నం సిపాన్ వైపు నుంచి గాలి లేచింది. మొదట కోళ్లు లోపలికి పరుగెత్తాయి. తర్వాత సరస్సు రంగు మారింది. ఎప్పుడూ నీలంగా ఉండే నీళ్లు బూడిదరంగుకి తిరిగి, తెల్ల నురగతో కట్ట మీదికి వచ్చిపడ్డాయి. ఒక అల, ఇంకో అల. నాన్న కట్ట మీద నిలబడి రాయి మీద రాయి పెడుతున్నాడు. పెట్టిన రాయిని వెనకాలే అల తోసేస్తోంది. కాసేపటికి ఆయన రాళ్లు పెట్టడం మానేసి ఊరికే నిలబడ్డాడు. నీళ్లు ఆయన కాళ్ల మధ్య నుంచి తోటలోకి దిగుతున్నాయి.

"గొర్రెల్ని వదిలెయ్!" అని అమ్మ అరిచింది. నేను కొట్టం తలుపు తీశాను. తిరిగొచ్చేసరికి నీళ్లు గుమ్మం దాటి చాప మీదికి వచ్చాయి. ఇంటి వెనక ఎక్కడో మట్టి పెళ్ల దబ్బుమని పడింది.

నాన్న తడిసి ముద్దై లోపలికొచ్చాడు. నాయనమ్మను పరుపుతో సహా ఎత్తబోయాడు. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పరుపు తడిసి బరువెక్కింది. అమ్మ ఒక కొస పట్టింది, జారింది. నాయనమ్మ, "నన్ను కింద పెట్టండర్రా, నేను నడుస్తా," అంటోంది. ఆమె నడిచి నాలుగేళ్లయింది.

గుమ్మంలో ఎవరో వెలుతురుకి అడ్డంగా నిలబడ్డారు. పెదనాన్న. వాగు వెంట పరుగెత్తుకొచ్చినట్టున్నాడు, రొప్పుతున్నాడు. లోపలికొచ్చి, పరుపు రెండో వైపు వంగి, రెండు మూలలూ చేతికి చుట్టుకున్నాడు.

"ఆ కొస ఎత్తి పట్టుకో," అన్నాడు.

నాన్న ఎత్తి పట్టుకున్నాడు.

ఇద్దరూ ఆమెను అలాగే మోసుకుంటూ మెరక మీదికి తీసుకెళ్లారు. "రాయుంది," అన్నాడొకసారి పెదనాన్న. "చూశా," అన్నాడు నాన్న. వెనక నేనూ అమ్మా రాగి గిన్నెలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నాం. నాయనమ్మ పరుపులోంచి చెయ్యి బయటికి పెట్టి గాలిలో దేన్నో తడుముతోంది. ఒకసారి పెద్దకొడుకు మోచెయ్యి తగిలింది. పట్టుకుని వదల్లేదు.

మర్నాడు గాలి లేదు. సరస్సు అద్దంలా, ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది. మేమందరం కిందికి వెళ్లాం. ఇంటి ఉత్తరం గోడ సగం కరిగి నేలలోకి ఒదిగిపోయింది. తోట చెరువైంది. కట్ట పైనుంచి వచ్చిన నీళ్లు కట్ట లోపలే ఉండిపోయాయి, మోకాలి లోతున. ఆ నీళ్లన్నీ కదులుతున్నాయి. దగ్గరికెళ్లి చూస్తే, చేపలు. అలలతో పాటు వాగు నోటి దగ్గర నిలబడ్డవన్నీ లోపలికొచ్చిపడ్డాయి. ఆపిల్ మొదళ్ల మధ్య గుంపులు గుంపులుగా తిరుగుతున్నాయి. కట్ట వెంట ఒక చుట్టు చుట్టి, దారి దొరక్క, మళ్లీ చుట్టు మొదలుపెడుతున్నాయి. ఎండ ఎక్కుతోంది. కొన్ని అప్పటికే వెల్లకిలా తేలాయి.

హెసో మాకంటే ముందే వచ్చి ఉన్నాడు, చంకలో నాలుగు గోనెసంచులతో. "తెమో, నీ ఇల్లు పోయినందుకు నాకు బాధగానే ఉంది," అన్నాడు. "కానీ చూడు, దేవుడు పెరట్లోకే తెచ్చి పోశాడు. ఇది పట్టడం కాదు, ఏరుకోవడం. ఏ కాపలావాడూ ఏమీ అనలేడు."

"చచ్చినవి తీసుకో," అన్నాడు నాన్న.

"ఒక గంటాగితే అన్నీ చస్తాయి."

"అయితే గంటాగు."

ఇంతలో ట్రాక్టరు చప్పుడు. పెదనాన్న వెనక తొట్టిలో తన డీజిల్ ఇంజను వేసుకొచ్చాడు, మెరకకు వాగు నీళ్లు తోడుకునేది. దించాడు. లావుపాటి గొట్టం విప్పి కట్ట మీద పరిచాడు. నాన్న వైపు చూడకుండా, ఇంజనుతో చెబుతున్నట్టు అన్నాడు.

"రెండు రోజులు ఆపకుండా నడిపితే ఆరిపోతుంది. కట్ట ఇంకో మూర లేపుదాం. చెట్లు సగమైనా నిలబడతాయి."

నాకేం అర్థం కాలేదు. వెళ్లాలని ఉన్న అమ్మ ఇప్పుడు ఇంజను వైపు ఆశగా చూస్తోంది. ఉండాలనుకున్న నాన్న దాని వైపు చూడటమే లేదు. నేను ఎవరి వైపో నాకే తెలియలేదు.

నాన్న నీళ్లలోకి దిగాడు. చెట్టు దగ్గరికెళ్లి ఒక కొమ్మ వంచి ఆకు చూశాడు. అప్పటికే అంచు తెల్లగా ఉంది. ఆకుని నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. తర్వాత వంగి, పక్కకి ఒరిగి ఈదుతున్న ఒక చేపను రెండు చేతులా ఎత్తాడు. దాని పొట్ట బిగుసుకుని ఉంది. బొటనవేలు ఆనిస్తే చాలు, పసుప్పచ్చటి గుడ్లు నాలుగు వేలిమీదికి జారాయి. నాన్న వెంటనే వేలు తీసేశాడు, తప్పు చేసినవాడిలా. చేపను నీళ్లలో వదిలి, అది నిలదొక్కుకునేదాకా అరచెయ్యి అడ్డుపెట్టాడు.

"చెట్ల పని అయిపోయింది అన్నా," అన్నాడు. "వీటి పని ఇంకా కాలేదు."

ఒడ్డుకొచ్చి పార తీసుకున్నాడు. కట్ట ఎగువ మూలకి, వాగు ఆనుకుని పారే చోటికి వెళ్లి, తను మూడు నెలలు వేసిన కట్టను తవ్వడం మొదలుపెట్టాడు.

పెదనాన్న గొట్టం చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తొమ్మిదేళ్ల తర్వాత తమ్ముడు పిలిచిన ఆ ఒక్క పిలుపు దగ్గర ఆగిపోయాడో, కట్ట తెగుతుంటే చూడలేకపోయాడో చెప్పలేను. కాసేపటికి గొట్టం చుట్టి తొట్టిలో వేశాడు. ట్రాక్టరు మీంచి తన పార దించుకుని వెళ్లి నాన్న పక్కన నిలబడ్డాడు.

"వంకరగా తవ్వుతున్నావు," అన్నాడు.

మూర వెడల్పున గండి పడగానే వాగు నీళ్లు తోటలోకి దూకాయి. చల్లటి, మంచు కరిగిన నీళ్లు. ఒక్క క్షణం ఏమీ జరగలేదు. తర్వాత తోటలో తిరుగుతున్న గుంపంతా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు ఇటు తిరిగింది. మొదటిది గండిలోకి దూకి వెనక్కి కొట్టుకుపోయింది. రెండోదీ అంతే. మూడోది నాన్న పాదం మీదుగా ఎగిరి వాగులో పడింది. ఆ తర్వాత లెక్క లేదు.

దూరంగా ఉండిపోయినవాటిని, పక్కకి ఒరిగినవాటిని మేం ఏరాం. అమ్మ ఉన్ని బుట్ట ఖాళీ చేసి తెచ్చింది. నేను ఒడిలో పట్టాను. చలికాలమంతా ఉప్పుచేపలు తిన్నదాన్నే, అవి చేతిలో కొట్టుకుంటుంటే ఏడుపెందుకొచ్చిందో తెలియదు. హెసో కాసేపు సంచి తెరిచి నిలబడ్డాడు. తర్వాత, "ఛీ, మీరు మనుషుల్ని బతకనివ్వరు," అని తిట్టుకుంటూ ఆ సంచితోనే బతికినవాటిని మోయడం మొదలుపెట్టాడు. చచ్చినవి మాత్రం చివర్లో ఒక్కటి వదలకుండా పట్టుకెళ్లాడు.

సాయంత్రానికి తోటలో వాగూ సరస్సూ కలిసిపోయాయి. ఇక అది మా తోట కాదు, వాగు నోరు.

సామాను ట్రాక్టరులో సర్దుతున్నప్పుడు నేను నాన్న దగ్గరికెళ్లాను. "నాన్నా, ఆ కర్ర సంగతి నీకు చెప్పాలి. నేను నీకు రోజూ..."

"ఏ కర్ర?"

"గాట్ల కర్ర."

"అది నిన్న అలల్లో కొట్టుకుపోయిందిగా," అని నా చేతిలో టీ కాచే సమోవర్ పెట్టాడు. "ఇది జాగ్రత్తగా పట్టుకో. మూత ఊడుతుంది."

అమ్మ అటు తిరిగి తాడు బిగిస్తోంది. పెదనాన్న టైరు చూస్తున్నాడు. నాన్న ముఖంలో ఏముందో చూద్దామనుకున్నాను గానీ పొద్దు ఆయన వెనక ఉంది. ఆయనకు మొదటి నుంచీ తెలుసో, తెలియదో, తెలిసి మా ముగ్గుర్నీ అలా ఆడనిచ్చాడో! తర్వాత ఎన్నో ఏళ్లున్నాడు. నేను మళ్లీ అడగలేదు.

మేం మెర్సిన్ వెళ్లలేదు. సరస్సు ఇంకో రెండేళ్లు పెరిగి, తర్వాత కాస్త వెనక్కి తగ్గింది. ఎందుకు తగ్గిందో కూడా ఎవరూ తేల్చలేదు. అప్పటికి ఆపిల్ మొదళ్లు తెల్లటి ఎముకల్లా మిగిలాయి. పిట్టలు వాటి మీద వాలి చేపల కోసం కాచుకునేవి.

ఆ జూన్‌లోనే, మేం పైకి వెళ్లిన నాలుగో రోజు పొద్దున, మెరక మీద మాకు రెండు గదులు వేయడానికి అన్నదమ్ములిద్దరూ తాడు పట్టుకుని నేల మీద గీతలు గీస్తున్నారు. నేను గుమ్మం ముందు నాయనమ్మకు టీ పోస్తున్నాను.

"తలుపు తూర్పుకి," అన్నాడు నాన్న.

"తూర్పుకి పెడితే చలికాలం మంచు లోపలే పడుతుంది. దక్షిణానికి పెట్టు."

"దక్షిణాన ఏముంది, నీ పేడకుప్ప తప్ప?"

"నా పొలంలో గాలి ఎటు తిరుగుతుందో నాకు తెలీదా?"

"నీ పొలమా?"

తాడు ఇద్దరి మధ్యా బిగుసుకుంది. పెద్దమ్మ పిండి పిసుకుతున్న చేతులు ఆపింది. అమ్మ నా వైపు చూసింది. మళ్లీ ఒక్క మాట మీద ఇంకో తొమ్మిదేళ్లేమో అనుకున్నాను.

"సరే, మన పొలం," అని అరిచాడు పెదనాన్న. "మన పొలమైతే మాత్రం పేడకుప్ప ఎగురుకుంటూ పోతుందా? తలుపు దక్షిణానికే!"

"తూర్పుకే!"

మధ్యాహ్నం దాకా అదే గొడవ. గీసిన గీతలు చెరిపారు, మళ్లీ గీశారు. ఒకరు పాతిన మేకుని ఇంకొకరు పీకారు. నాయనమ్మ పరుపు మీద కూర్చుని ఆ అరుపుల వైపు చెవి పెట్టి వింటోంది.

"ఎవరు గెలుస్తున్నారే?" అని అడిగింది నన్ను.

కాసేపు ఇద్దర్నీ చూశాను. "ఏమీ తెలీడం లేదు నాయనమ్మా."

"మంచిదే," అని గ్లాసు నా వైపు చాచింది. "ఇంకో టీ పోయవే."